కెనడా జీవితచరిత్రల నిఘంటువు: ఎలా వెతకాలి, దేన్ని ఎంతవరకు నమ్మాలి

కెనడా చరిత్రలో ఒక మనిషి గురించి లోతుగా, నమ్మకంగా, పైసా కట్టకుండా చదవాలంటే మొదట తెరవాల్సిన సైటు డిక్షనరీ ఆఫ్ కెనడియన్ బయోగ్రఫీ. ఇందులో 9,000కు పైగా జీవితచరిత్రలున్నాయి. ప్రతి వ్యాసానికీ రాసినవారి పేరు, అడుగున ఆధారాల పట్టిక ఉంటాయి. ఇంగ్లిషులోనూ ఫ్రెంచిలోనూ పూర్తి పాఠం దొరుకుతుంది. చందా లేదు, లాగిన్ లేదు. ఇంత ఉన్నా చాలామంది ఒకసారి వెళ్ళి, కావలసిన పేరు కనబడక, వికీపీడియాకు తిరిగొచ్చేస్తారు. దీన్ని పేర్చిన పద్ధతి మామూలు విజ్ఞానసర్వస్వాల పద్ధతి కాదు, అందుకే ఆ ఇబ్బంది. పద్ధతి పట్టుబడితే దీనికి సాటి వచ్చేది కెనడా విషయంలో మరొకటి లేదు.

చిరునామా దగ్గరే ఒక చిక్కుంది. బయోగ్రఫి డాట్ సీఏ అని కొట్టేటప్పుడు చివర పీ, హెచ్, వై కాదు, పీ, హెచ్, ఐ. ఒకే చిరునామా రెండు భాషలకూ సరిపోవాలని పెట్టిన స్పెల్లింగు అది. వై కొడితే ఇంకెక్కడికో పోతారు.

ఈ పని వెనక ఉన్నది టొరంటోలో పక్షుల గింజల వ్యాపారం చేసిన జేమ్స్ నికొల్సన్ ఆస్తి. ఆయన 1952లో చనిపోతూ, బ్రిటన్‌లో ఉన్న జాతీయ జీవితచరిత్రల నిఘంటువు లాంటిది కెనడాకూ ఉండాలని తన ఆస్తిని టొరంటో విశ్వవిద్యాలయానికి రాసిచ్చాడు. పని 1959లో మొదలైంది. 1961లో క్విబెక్ నగరంలోని లవాల్ విశ్వవిద్యాలయం చేరి ఫ్రెంచి భాగం చేపట్టింది. మొదటి సంపుటి 1966లో వచ్చింది. ఒక వ్యాపారి వీలునామా నుంచి మొదలైన పని ఇన్ని దశాబ్దాలుగా ఆగకుండా నడవడం చిన్న విషయం కాదు.

ఇక అసలు కిటుకు. సంపుటాలు అక్షరక్రమంలో లేవు, పుట్టిన ఏడాది ప్రకారమూ లేవు. మనిషి చనిపోయిన ఏడాదిని బట్టి ఏ సంపుటమో తేలుతుంది. మొదటి సంపుటి 1000 నుంచి 1700 దాకా చనిపోయినవారిది. ఐదోది 1801 నుంచి 1820 వరకు. పదోది 1871–1880. ఆ తరవాత పదేళ్ళకొకటి. అమెరికాకూ బ్రిటన్‌కూ మధ్య 1812లో మొదలైన యుద్ధంతో పేరొచ్చిన ఇద్దరిని తీసుకోండి. ఆదివాసీ నాయకుడు టెకుమ్సే 1813లో యుద్ధంలోనే చనిపోయాడు కాబట్టి ఐదో సంపుటిలో ఉంటాడు. అమెరికన్ల దాడి గురించి ముందే హెచ్చరించిన లారా సెకోర్డ్ 1868 దాకా బతికింది కాబట్టి తొమ్మిదో సంపుటిలో ఉంటుంది. ఒక సంఘటనకు చెందినవాళ్ళందరూ ఒకేచోట ఉంటారని సంపుటం పట్టుకుని వెళ్తే సగం మంది తప్పిపోతారు. సంఘటన ముఖ్యమైతే సంపుటాల జోలికి పోకుండా థీమ్స్ విభాగానికి వెళ్ళడం మంచిది. కాన్ఫెడరేషన్ (1867లో వలసలు కలిసి కెనడా ఏర్పడడం), అకేడియన్లు (అట్లాంటిక్ తీరపు ఫ్రెంచివాళ్ళు) లాంటి అంశాల కింద సంబంధించిన జీవితచరిత్రలన్నీ అక్కడ జతచేసి పెట్టారు.

రెండో చిక్కు పేర్లతో. ఇందులో పెళ్ళయిన స్త్రీలు పుట్టింటి పేరు కింద ఉంటారు. లారా సెకోర్డ్ కోసం అక్షరక్రమంలో ఎస్ దగ్గర చూస్తే దొరకదు. ఆమె ఇంగర్‌సాల్. కెనడాలో బహిరంగంగా వైద్యవృత్తి చేపట్టిన తొలి మహిళగా పేరున్న ఎమిలీ స్టో ఇక్కడ జెన్నింగ్స్. రచయిత్రి సుసానా మూడీ స్ట్రిక్‌ల్యాండ్. ఫ్రెంచి ప్రభువుల విషయం ఇంకా చిక్కు: న్యూఫ్రాన్స్ (అప్పటి ఫ్రెంచి వలస) గవర్నరు ఫ్రాంటనాక్ ఉన్నది బ్యువాడ్ కింద, అన్వేషకుల్లో లా సాల్ ఉన్నది కవెలియే కింద, లా వెరెండ్రీ ఉన్నది గోల్తియే కింద. బ్రిటిషు ప్రభువులకు బిరుదు పేరు చెల్లదు, వంశం పేరే. లార్డ్ డరమ్ ల్యాంబ్టన్, లార్డ్ ఎల్గిన్ బ్రూస్, లార్డ్ సెల్కర్క్ డగ్లస్, లార్డ్ స్ట్రాత్‌కోనా డొనాల్డ్ స్మిత్. ఆదివాసీ నాయకులు చాలామంది సొంత భాషలోని పేరుతో ఉంటారు. జోసెఫ్ బ్రాంట్ అంటే థాయెండనేగియా, బిగ్ బేర్ అంటే మిస్టహిమస్క్వా, క్రోఫుట్ అంటే ఇసపో-ముక్సికా. ఇది సరైన మర్యాద. అయితే కొత్తవారికి తలుపు దొరకదు. కాబట్టి అక్షరక్రమంలో పేజీలు తిప్పకుండా వెతుకుపెట్టెలో జనం పిలిచే పేరే కొట్టండి. శీర్షికలో ఆ రెండో పేరు కూడా ఉంటుంది కాబట్టి పట్టుకుంటుంది. సెకోర్డ్ లాంటి పేర్లకు అదే ఇంటిపేరున్న ఇంకొందరూ వస్తారు. పేరు పక్కనున్న మరణ సంవత్సరం చూసి ఎంచుకోవాలి.

వ్యాసం తెరిచాక మొదటి వాక్యం నుంచి చదవకండి. ముందు కిందికి వెళ్ళి, ఉదహరించే పద్ధతి చూపే పెట్టెలో ప్రచురించిన ఏడాది, సవరించిన ఏడాది చూడండి. ఈ సైటు గురించి ఒక్క మాటే చెప్పాలంటే ఇదే చెప్పాలి. తెర మీద అన్ని వ్యాసాలూ ఒకే అక్షరాల్లో, ఒకే రంగులో, నిన్ననే రాసినట్టు కనిపిస్తాయి. ఒకటి 1966 నాటిది కావచ్చు, పక్కది పోయిన ఏడాదిది కావచ్చు. పైగా సంపుటాలు వరసగా రాలేదు. పదో సంపుటి 1972లోనే వచ్చేసింది, ఎనిమిదోది 1985 దాకా రాలేదు. అందుకే కాన్ఫెడరేషన్ నాయకుల్లో జార్జ్ బ్రౌన్, కార్తియేల మీద 1972 నాటి చరిత్రకారుల చూపు, జాన్ ఎ. మెక్‌డొనాల్డ్ మీద 1990 నాటి చూపు కనిపిస్తాయి. ఒకే గదిలో కూర్చుని ఒకే ఒప్పందం మీద సంతకాలు చేసినవాళ్ళను రెండు తరాల పండితులు రెండు రకాలుగా కొలిచారు.

మెక్‌డొనాల్డ్ వ్యాసాన్నే చూద్దాం. రాసినవారు జె.కె. జాన్సన్, పి.బి. వెయిట్. 1815లో గ్లాస్గోలో పుట్టి, కింగ్‌స్టన్‌లో లాయరై, 1867లో మొదటి ప్రధానిగా, మధ్యలో ఐదేళ్ళు పదవి పోయి, 1878 నుంచి 1891లో చనిపోయేదాకా మళ్ళీ ప్రధానిగా ఉన్న మనిషి రాజకీయ జీవితాన్ని ఇంత కూలంకషంగా, ఇంత చదివించేలా ఉచితంగా ఇచ్చే వ్యాసం మరొకటి కనబడదు. పార్టీని ఎలా నడిపాడు, పసిఫిక్ రైల్వే కాంట్రాక్టు లంచాల గొడవలో 1873లో ఎలా పడిపోయాడు అన్నవి ఇక్కడ చదివి తీరాలి. అదే మెక్‌డొనాల్డ్ ప్రభుత్వం 1883లో ఆదివాసీ పిల్లలను ఇళ్ళ నుంచి వేరుచేసి ఉంచిన రెసిడెన్షియల్ స్కూళ్ళకు డబ్బు కేటాయించింది, 1885లో చైనా వలసకూలీల మీద 50 డాలర్ల తలపన్ను వేసింది. ఆ స్కూళ్ళ మీద ట్రూత్ అండ్ రీకన్సిలియేషన్ కమిషన్ తుది నివేదిక వచ్చింది 2015లో. 1990లో రాసిన మూలపాఠానికి ఆ నివేదిక తెచ్చిన చర్చ తెలిసే వీలు లేదు. ఆ సంగతులకు ఆ నివేదికనే చదవాలి. ఈ వ్యాసం ఒక్కదాన్నే చదివి మెక్‌డొనాల్డ్ గురించి స్కూలు ప్రాజెక్టు రాసే పిల్లవాడు కెనడాలో ఆయన విగ్రహాలు కొన్నింటిని ఎందుకు దింపారో వివరించలేడు.

పౌండ్‌మేకర్‌ విషయం కూడా అంతే. 1885లో పశ్చిమ కెనడాలో మేటీలు (ఆదివాసీ, ఐరోపా మిశ్రమ జాతి), కొందరు ఆదివాసులు చేసిన తిరుగుబాటు తరవాత ద్రోహ నేరం కింద జైలుకు పంపిన ఈ క్రీ అనే ఆదివాసీ జాతి నాయకుడిని 2019 మేలో కెనడా ప్రభుత్వం నిర్దోషిగా ప్రకటించి క్షమాపణ చెప్పింది. ఆయన వ్యాసం మొదట అచ్చయింది 1982లో. ఆ తిరుగుబాటును నడిపిన మేటీ నాయకుడు లూయీ రియెల్‌ వ్యాసమూ ఆ సంపుటిదే. ఆయన్ని మానిటోబా వ్యవస్థాపకుడిగా పార్లమెంటు 1992లో గుర్తించింది. ఆ రాష్ట్రం 2023లో ఆయన్ని గౌరవ తొలి ప్రీమియర్‌గా (ముఖ్యమంత్రి లాంటి పదవి) గుర్తిస్తూ చట్టం చేసింది. వ్యాసాల్లో కొన్నింటిని సంపాదకులు సవరిస్తూ ఉంటారు, అన్నింటినీ ఒకేసారి సవరించడం సాధ్యం కాదు. అందుకే ఆ సవరణ ఏడాది అంత ముఖ్యం.

మరీ పాత సంపుటాల్లో మాటలే నొప్పించవచ్చు. 1966, 1969 నాటి వ్యాసాల్లో ఆదివాసుల గురించి ఇప్పుడు ఎవరూ రాయని పదాలు కనిపిస్తాయి. 1734లో మాంట్రియల్‌లో ఇళ్ళు తగలబెట్టిందని ఉరితీసిన నల్లజాతి బానిస మరీ-జోసెఫ్ ఆంజెలిక్ వ్యాసం రెండో సంపుటిది. నిప్పు పెట్టింది ఆమేనన్నది తేలిపోయిన విషయంగా అందులో కథ నడుస్తుంది. చిత్రహింస పెట్టి రాబట్టిన ఆమె ఒప్పుకోలును ఎంతవరకు నమ్మవచ్చన్నది తరవాతి చరిత్రకారులు గట్టిగా అడిగిన ప్రశ్న. పేర్లు, తేదీలు, కోర్టు కాగితాలు ఎక్కడున్నాయో తెలుసుకోవడానికి ఆ వ్యాసం ఇప్పటికీ పనికొస్తుంది. తీర్పు కోసం మాత్రం దాని దగ్గరే ఆగకూడదు.

అలాగని పాతవన్నీ బలహీనమని కాదు. ఈ నిఘంటువు గొప్పతనం అంతా కట్టుకథను, దస్తావేజును విడదీయడంలో ఉంది. లారా సెకోర్డ్ 1813 జూన్ 22న క్వీన్‌స్టన్ నుంచి దాదాపు 20 మైళ్ళు నడిచి, అమెరికన్లు దాడికి వస్తున్నారని బ్రిటిషు లెఫ్టినెంట్ ఫిట్జ్‌గిబ్బన్‌కు చెప్పింది. రెండు రోజులకు బీవర్ డ్యామ్స్ దగ్గర అమెరికన్లు లొంగిపోయారు. కాపలావాళ్ళను మోసగించడానికి ఆవును తోలుకుంటూ వెళ్ళిందన్న కథ కెనడాలో పిల్లలందరికీ తెలుసు. ఆ ఆవు తరవాత రాసినవారి చేతిలో పుట్టిందని వ్యాసం చూపిస్తుంది. ఫిట్జ్‌గిబ్బన్ ఆమెకు రాసిచ్చిన ధ్రువపత్రాల మీద ఆధారపడి, నిజంగా జరిగినదాన్ని నిలబెడుతుంది. న్యూఫ్రాన్స్ వీరబాలికగా పేరొందిన మాడెలెన్ ద వెర్షేర్ విషయంలోనూ ఇదే పద్ధతి. 1692లో 14 ఏళ్ళ వయసులో కోటను కాపాడానని ఆమె ఏళ్ళ తేడాతో రెండుసార్లు రాసుకుంది. రెండో కథ మొదటిదానికంటే ఎంత పెరిగిందో ఆంద్రే వాషోన్ పక్కపక్కన పెట్టి చూపిస్తాడు. మూడో సంపుటిలోని ఆ వ్యాసం వచ్చింది 1974లో. చరిత్ర రాయడం నేర్చుకునేవాళ్ళు ఎవరైనా చదవాల్సిన వ్యాసమది.

చదివేటప్పుడు డబ్బు లెక్కలతో జాగ్రత్త. వ్యాసాలు ఆ కాలపు నాణాల్లోనే అంకెలు ఇస్తాయి, ఇప్పటి విలువలోకి మార్చవు. 1858కి ముందు పౌండు అని కనిపిస్తే అది లండన్ స్టెర్లింగు అనుకోవద్దు. ఎక్కువసార్లు అది హాలిఫాక్స్ లెక్క, అంటే అక్కడి వలసల్లో నడిచిన స్థానిక పౌండు. హాలిఫాక్స్ పౌండు 4 డాలర్లు, స్టెర్లింగు పౌండు సుమారు 4.86 డాలర్లు. జీతాలనూ అప్పులనూ పోల్చేటప్పుడు ఈ తేడా పట్టించుకోకపోతే దాదాపు అయిదో వంతు తప్పు వస్తుంది. ఊళ్ళ పేర్లు కూడా ఆ కాలానివే. యార్క్ అంటే 1834కు ముందు టొరంటో, బైటౌన్ అంటే 1855కు ముందు ఒట్టావా, బెర్లిన్ అంటే 1916కు ముందు కిచనర్. అప్పర్ కెనడా, ఆ తరవాత కెనడా వెస్ట్ అంటే ఇప్పటి దక్షిణ ఒంటారియో. మ్యాపులో అప్పర్ అని పైన వెతకవద్దు. సెయింట్ లారెన్స్ నదికి ఎగువన అని దాని అర్థం.

ఎవరెవరు లేరన్నది ముందే తెలుసుకుంటే నిరాశ ఉండదు. బతికున్నవారు అసలే ఉండరు. 1930 దాకా చనిపోయినవారి సంపుటాలు పూర్తయ్యాయి, 1931–1940 నాటి పదహారో సంపుటి వ్యాసాలు సిద్ధమైనవి సిద్ధమైనట్టు సైటులో పెడుతున్నారు. ఆ తరవాతి కాలానికి ముఖ్యులను ముందుగా ఎంచుకుని రాయించారు. మెకెంజీ కింగ్, డీఫెన్‌బేకర్, పియర్సన్, పియేర్ ట్రూడో లాంటి ప్రధానుల వ్యాసాలు ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో పోయిన క్రీడాకారులు, హక్కుల ఉద్యమకారులు, కళాకారులు ఉంటారని మాత్రం నమ్మకం పెట్టుకోకూడదు. 10 డాలర్ల నోటు మీద 2018 నుంచి కనిపించే వయొలా డెస్మండ్, కేన్సర్ పరిశోధన కోసం 1980లో పరుగెత్తిన టెరీ ఫాక్స్ లాంటివారికి ముందు కెనడియన్ ఎన్‌సైక్లోపీడియా తెరవండి. అదీ ఉచితమే, వ్యాసాలు పొట్టిగా, తేలిక భాషలో ఉంటాయి.

ఒంటారియోలో ఉన్న తెలుగు కుటుంబాలకు ఇది నేరుగా ఉపయోగపడే చోటు స్కూలు పని. అక్కడ ఏడో తరగతి చరిత్ర 1713 నుంచి 1850 దాకా, ఎనిమిదో తరగతి 1850 నుంచి 1914 దాకా. ఈ నిఘంటువు బలంగా ఉన్న కాలం సరిగ్గా అదే. పదో తరగతి పాఠం 1914 దగ్గర మొదలవుతుంది కాబట్టి అక్కడ సగమే పనికొస్తుంది. భాష మాత్రం పెద్దల కోసం రాసినది. చిన్న వ్యాసం రెండు మూడు పేరాల్లో అయిపోతుంది, ప్రధానుల వ్యాసాలు ఒక చిన్న పుస్తకమంత పొడవు. పన్నెండేళ్ళ పిల్లకు మెక్‌డొనాల్డ్ వ్యాసం మొత్తం ఇచ్చి చదవమనడం కంటే, తల్లో తండ్రో కావలసిన భాగం ఎంచి పక్కన కూర్చుని చదివించడం నయం. పౌరసత్వ పరీక్షకైతే ఇది అక్కర్లేదు. 20 ప్రశ్నలకు 15 సరిగ్గా రాయడానికి ప్రభుత్వం ఇచ్చే ఉచిత గైడు చాలు. ఆ గైడులో ఒక్క వాక్యంలో వచ్చిపోయే బాల్డ్విన్, లాఫోంటేన్, డ్యూమాంట్ లాంటివారు ఎవరని కుతూహలం పుడితే మాత్రం ఇక్కడికి రావాలి.

మన ప్రాంతం చరిత్ర తెలిసినవారికి ఇంకో దారి ఉంది. బ్రిటిషు సామ్రాజ్యం ఒకే అధికారులను అటూ ఇటూ తిప్పింది. అప్పర్ కెనడాను 1818 నుంచి 1828 దాకా పాలించిన సర్ పెరిగ్రిన్ మెయిట్‌ల్యాండ్ 1836లో మద్రాసు సైన్యానికి సేనాధిపతిగా వచ్చాడు. కంపెనీ సైన్యం హిందూ ఉత్సవాల్లో మర్యాదలు చెయ్యడం తన మతానికి విరుద్ధమని రెండేళ్ళకే రాజీనామా చేశాడు. 1849లో మాంట్రియల్ పార్లమెంటు భవనాన్ని గుంపు తగలబెట్టడానికి కారణమైన బిల్లు మీద సంతకం చేసిన ఎల్గిన్, 1862లో ఇండియా వైస్రాయై, మరుసటి ఏడాది ధర్మశాలలో చనిపోయాడు. 1885లో రియెల్ మీద సైన్యాన్ని నడిపిన మిడిల్టన్ 1857లో మన సిపాయిల మీద పోరాడినవాడు. మద్రాసు గవర్నరుగా 1919 నుంచి 1924 దాకా ఉన్న విల్లింగ్డన్ కాలంలోనే మన్యంలో అల్లూరి సీతారామరాజు తిరుగుబాటు మొదలైంది. ఆ విల్లింగ్డనే 1926లో కెనడా గవర్నర్ జనరల్‌గా వెళ్ళాడు. నిఘంటువు దృష్టి కెనడా మీద కాబట్టి ఇలాంటివాళ్ళ ఇండియా అధ్యాయాలను క్లుప్తంగా దాటేస్తుంది. అది లోపమని అనలేం, ఆ భాగానికి వేరే పుస్తకాలు చూసుకోవాలి. పద్నాలుగో సంపుటిలో మేవా సింగ్, హాప్కిన్సన్‌ల వ్యాసాలను మాత్రం వెంటవెంటనే చదవండి. ఇండియా నుంచి వలస వచ్చినవాళ్ళున్న కొమగాట మారు ఓడలోని 376 మందిలో అత్యధికులను 1914 జులైలో వాంకూవర్ నుంచి వెనక్కి పంపేశాక, గదర్ పార్టీ మీద నిఘా పెట్టిన ఇమిగ్రేషన్ అధికారి హాప్కిన్సన్‌ను మేవా సింగ్ అదే ఏడాది అక్టోబరు 21న కోర్టు భవనంలో కాల్చాడు. 1915 జనవరి 11న ఉరికంబం ఎక్కాడు. గదర్ పార్టీలో మన దరిశి చెంచయ్య గారు పనిచేశారని తెలిసినవాళ్ళకు ఈ రెండు వ్యాసాలు మరింత దగ్గరగా అనిపిస్తాయి.

ఇలా ఒకే ఘటనలో ఎదురెదురు నిలిచినవాళ్ళను జంటగా చదవడమే ఈ సైటును వాడే ఉత్తమ పద్ధతి. వ్యాసం మధ్యలో వచ్చే పేర్లకు లింకులుంటాయి. వాటిని పట్టుకుని పోతే ఒకరి వ్యాసంలో దాటేసిన విషయం ఇంకొకరి వ్యాసంలో దొరుకుతుంది. 1868లో హత్యకు గురైన కాన్ఫెడరేషన్ నాయకుడు డార్సీ మెక్‌గీకి వ్యాసం ఉన్నట్టే, ఆ నేరానికి ఉరిపడ్డ వేలన్‌కూ ఉంది. 1885 తిరుగుబాటుకైతే రియెల్, ఆయన సేనాని డ్యూమాంట్, మిడిల్టన్, పౌండ్‌మేకర్ ఈ వరసలో చదివి, చివర బిగ్ బేర్ వ్యాసానికి రండి. దాన్ని రాసింది నవలాకారుడు రూడీ వీబ్. ఆదివాసుల భూముల మీద ప్రభుత్వం చేసుకున్న ఆరో ఒప్పందం మీద సంతకం చెయ్యనని ఆరేళ్ళు నిలబడి, తన వాళ్ళు ఆకలితో అలమటిస్తుంటే 1882 డిసెంబరులో తలవంచిన ఆ క్రీ నాయకుడు, 1885లో ఫ్రాగ్ లేక్‌లో తన మనుషులే చేసిన హత్యలను ఆపాలని చూసి కూడా మూడేళ్ళ శిక్ష పడి, విడుదలయ్యాక ఏడాదికే 1888 జనవరిలో కన్నుమూశాడు. ఈ సైటులో ఒక్క వ్యాసమే చదివే తీరిక ఉంటే అదే చదవండి.